బేరియాట్రిక్ సర్జరీ తర్వాత వ్యాయామం: కాటా చూపించని లెక్క

బరువు తగ్గడానికి పొట్టకు చేసే ఈ సర్జరీ అయిన నాలుగైదు నెలలకు చాలామందికి ఒక అనుమానం వస్తుంది. రోజూ గంటసేపు నడిచేవారికీ, కాలు కదపకుండా కూర్చున్నవారికీ కాటా మీద తగ్గిన బరువు ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది. ఒక్కోసారి కూర్చున్నవారికే ఓ కిలో ఎక్కువ తగ్గి ఉంటుంది. అలాంటప్పుడు తెల్లవారకముందే లేచి బూట్లు కట్టుకోవడం దేనికి? పొట్ట చిన్నదైంది, ఆకలి తగ్గింది, బరువు దానంతటదే దిగుతోంది కదా!

అడగాల్సిన ప్రశ్నే. దీనికి "వ్యాయామం ఆరోగ్యానికి మంచిది, చేయండి" అని చెప్పి పంపేస్తే పేషెంటు రెండు వారాలు చేసి మానేస్తారు. మొదటి ఏడాది బరువు దింపే పనిలో వ్యాయామం వాటా చాలా తక్కువ. ఈ మాట ముందే చెప్పకపోవడం వల్లే సగం గందరగోళం. ఆ ఏడాదిలో వ్యాయామానికి వేరే పని ఉంది: పోయే కిలోల్లో కొవ్వెంత, కండెంత అన్నది తేల్చడం. బరువు విషయంలో దాని వంతు వచ్చేది ఏడాదిన్నర, రెండేళ్ల తర్వాత. చిక్కల్లా ఎక్కడంటే, అప్పటిదాకా అలవాటు చేసుకోని మనిషి సరిగ్గా అప్పుడు మొదలుపెట్టడం చాలా కష్టం.

కిలోల లెక్క ఒకసారి వేసి చూద్దాం

100 కిలోల మనిషి నాలుగు కిలోమీటర్లు కాస్త వేగంగా నడిచారనుకుందాం. ముప్పావు గంటకు పైనే పడుతుంది. ఊరికే కూర్చుని ఉన్నా ఖర్చయ్యే క్యాలరీలు తీసేస్తే, ఆ నడకకు అదనంగా ఖర్చయ్యేది సుమారు 200 క్యాలరీలు. వారానికి ఐదు రోజులు నడిస్తే 1,000. కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీలు ఉంటాయి కాబట్టి, ఒక్క కిలో కరగాలంటే ఏడెనిమిది వారాలు పడుతుంది.

ఇప్పుడు సర్జరీ వైపు చూడండి. ఆ మనిషి శరీరానికి రోజుకు 2,200 క్యాలరీలు కావాలి. ఆపరేషన్ తర్వాత తొలి వారాల్లో లోపలికి వెళ్లేది 700 దాటడమే కష్టం. అంటే రోజుకు 1,500 లోటు. నడక తెచ్చిపెట్టే లోటు వారం మొత్తానికి సర్దితే రోజుకు 140. పదో వంతు కూడా లేదు. కాటాకు ఈ తేడా ఏం తెలుస్తుంది?

దీనికి తోడు ఇంకో రెండు కారణాలున్నాయి. ఒకటి, ఒళ్లు బరువు తగ్గుతున్నకొద్దీ అదే నడకకు ఖర్చు కూడా తగ్గుతుంది. 75 కిలోలకు వచ్చేసరికి ఆ 200 కాస్తా 150 అవుతుంది. రెండు, పొద్దున గంట నడిచిన మనిషి తెలియకుండానే మిగతా రోజంతా కుర్చీకి అంటుకుపోతారు. శరీరం తన ఖర్చు తాను సర్దుకుంటుంది. అందుకే సర్జరీ చేయించుకున్నవారిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుతో క్రమంగా వ్యాయామం చేయించిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు, రెండో జట్టు కంటే అదనంగా తగ్గిన బరువు సగటున రెండు కిలోలకు అటూ ఇటూ మాత్రమే తేలింది.

అసలు బరువు దింపుతున్నది పొట్ట చిన్నది కావడం ఒక్కటే అనుకోవడం కూడా పొరపాటే. స్లీవ్ సర్జరీలో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. ఆ తీసేసిన పైభాగమే ఆకలిని లేపే గ్రెలిన్ హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. పొట్టకు చేసే బైపాస్ అనే ఇంకో రకంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రమే మిగిల్చి, దాన్ని నేరుగా చిన్నపేగు మధ్య భాగానికి కలుపుతారు. ఆహారం పేగు కింది భాగానికి తొందరగా చేరడంతో జీఎల్‌పీ-1, పీవైవై లాంటి కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు ఒక్కసారిగా పెరుగుతాయి. ఇంత బలమైన మార్పు జరుగుతున్నప్పుడు పక్కన నడక చేసే పని కనిపించకపోవడంలో వింతేమీ లేదు.

పోతున్నది ఏమిటి?

కాటాకు ఒకే ఒక్క అంకె తెలుసు. పోయిన 30 కిలోల్లో కొవ్వు ఎంతో, కండ ఎంతో అది చెప్పదు. మామూలుగా సర్జరీ తర్వాత తగ్గే బరువులో ఐదో వంతు నుంచి మూడో వంతుకు కాస్త తక్కువ వరకు కొవ్వు కానిది ఉంటుంది. 30 కిలోలు తగ్గితే ఆరు నుంచి తొమ్మిది కిలోలన్నమాట. అందులో నీరు ఉంటుంది, కాస్త అవయవాల బరువు ఉంటుంది, గణనీయంగా కండ ఉంటుంది. ఈ నష్టంలో ఎక్కువ భాగం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే జరిగిపోతుంది.

ఎందుకు పోతుంది? తినే ప్రోటీన్ చాలక శరీరం కండ నుంచి అమైనో ఆమ్లాలు లాక్కోవడం అందరికీ తెలిసిన కారణం. అంతగా పట్టించుకోని కారణం ఇంకొకటి ఉంది. 120 కిలోల మనిషి తొడలు రోజూ, పొద్దున లేచింది మొదలు, బరువులెత్తుతూనే ఉంటాయి. కుర్చీలోంచి లేచినా, మెట్లెక్కినా 120 కిలోలను మోస్తాయి. ఆరు నెలల్లో 35 కిలోలు దిగిపోతే ఆ కండరాలకు ఒక బస్తా మోసే పని తప్పినట్టే. పని లేని కండను శరీరం ఊరికే పోషించదు. అంటే బరువు తగ్గడమే కండకు విశ్రాంతి అయిపోతుంది. ఆ పోయిన భారాన్ని మళ్లీ ఎక్కడో ఒకచోట నుంచి తెచ్చి పెట్టాలి. బరువులతో చేసే వ్యాయామం అవసరం ఇక్కడుంది, నడక ఒక్కటే చాలనిది కూడా ఇందుకే. బ్రెజిల్‌లోని సావో పాలోలో బైపాస్ చేయించుకున్న మహిళలతో సర్జరీ అయిన మూడో నెల నుంచి ఆరు నెలల పాటు, వారానికి మూడుసార్లు బరువులూ నడకా కలిపి చేయించారు. వారిలో కండ, బలం మెరుగ్గా నిలిచాయి. తుంటి ఎముక నష్టం కూడా తగ్గింది.

కండ గురించి జిమ్‌లలో చెప్పే ఒక మాటను మాత్రం ఇక్కడే సరిదిద్దుకోవాలి. "కండ పెరిగితే నిద్రలో కూడా కొవ్వు కరుగుతుంది" అంటారు. విశ్రాంతిలో కిలో కండ రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 క్యాలరీలు. మూడు కిలోల కండను కాపాడుకుంటే వచ్చే లాభం రోజుకు 40 క్యాలరీలు. ఇంతోటి దానికి కొవ్వు కరిగిపోదు. కండను నిలబెట్టుకోవాల్సిన కారణాలు వేరు. నేల మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేవగలగడం ఒకటి. తిన్న తర్వాత రక్తంలోకి వచ్చే గ్లూకోజ్‌ను ఎక్కువగా పీల్చుకునేది కండరాలే కావడం మరొకటి.

ఈ రెండో విషయాన్ని అమెరికాలో పిట్స్‌బర్గ్ పరిశోధకులు బాగా తేల్చారు. బైపాస్ చేయించుకున్న 128 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత ఆరు నెలల పాటు వారానికి కనీసం 120 నిమిషాలు మధ్యస్థ వేగంతో వ్యాయామం చేయించారు. 2015లో ఫలితాలు వచ్చాయి. బరువు రెండు జట్లకూ దాదాపు సమానంగానే తగ్గింది. కానీ ఇన్సులిన్‌కు శరీరం స్పందించే తీరు వ్యాయామం చేసినవారిలో ఎక్కువ మెరుగుపడింది. డయాబెటిస్ ఉండి సర్జరీకి వెళ్లినవారికి కాటా మీద అంకె కంటే ఇదే పెద్ద లాభం.

ఆయాసం తగ్గింది, మరి గుండె బలపడ్డట్టేనా?

"ముందు ఒక అంతస్తు ఎక్కితే రొప్పేవాణ్ణి, ఇప్పుడు మూడు ఎక్కుతున్నా, ఇక వ్యాయామం ఎందుకు?" అనే వాదన ఒకటి ఉంది. పెద్ద బండికి బిగించిన ఇంజన్ అదే, బండి మీద సరుకు దింపేశారు, అంతే. శరీరం ఒక నిమిషంలో గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్‌ను బరువుతో భాగించి చూస్తే సర్జరీ తర్వాత అంకె చక్కగా పెరుగుతుంది, ఎందుకంటే కింద భాగించే అంకె చిన్నదైంది. భాగించకుండా మొత్తం చూస్తే వ్యాయామం లేనివారిలో అది పెరగదు, తగ్గనూవచ్చు. కొంచెం బరువు తిరిగి వచ్చినా, వయసు మీద పడినా పాత ఆయాసం తిరిగొస్తుంది. ఇంజన్ సంగతి చూడాలంటే వారానికి కొన్నిసార్లయినా ఊపిరి వేగం పెరిగేలా కదలాల్సిందే.

ఎప్పుడు ఏది మొదలుపెట్టాలి

ఇక్కడ చెప్పే వారాలు లాప్రోస్కోపీ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల ద్వారా, చిక్కులేవీ లేకుండా సర్జరీ అయినవారికి. కోత పెట్టి చేసినా, పాత హెర్నియాను అప్పుడే సరిచేసినా గడువులు పెరుగుతాయి. మీ సర్జన్ చెప్పిన గడువు వేరుగా ఉంటే అదే పాటించాలి.

సర్జరీ అయిన రోజు సాయంత్రమే మంచం దిగి నాలుగడుగులు వేయిస్తారు. క్యాలరీలతో దీనికి సంబంధం లేదు, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టకుండా చూడటానికి. అలాంటి గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. డిశ్చార్జ్ అయిన తర్వాతి మొదటి నెలలో కూడా ఈ ప్రమాదం ఉంటుంది కాబట్టి ఇంటికి వచ్చాక దుప్పటి కప్పుకుని పడుకునే విశ్రాంతి మంచిది కాదు. మొదటి వారం ఐదు నుంచి పది నిమిషాల నడక, రోజుకు నాలుగైదుసార్లు. ఒకేసారి అరగంట నడిచేయాలన్న పట్టుదల వద్దు. దగ్గు వచ్చినా, తుమ్ము వచ్చినా పొట్టకు దిండు అదిమి పట్టుకోవాలి. మంచం మీద నుంచి తిన్నగా లేవకుండా, పక్కకు తిరిగి, చేతి ఆసరాతో లేవాలి.

రెండో వారం నుంచి ఒక్కో నడకకు వారానికి ఐదేసి నిమిషాలు కలుపుతూ పోతే నెల తిరిగేసరికి ఆగకుండా అరగంట నడవడం చాలామందికి సాధ్యమవుతుంది. ఎంత వేగం? మాట్లాడుతూ నడవగలగాలి, కానీ పాట పాడాలంటే ఊపిరి అందకూడదు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి ఆ వేగం అంతగా పెరగదు కాబట్టి చేతి వాచీలో అంకె కంటే ఈ మాటల పరీక్షే నమ్మదగినది.

బరువులెత్తడంలో మాత్రం తొందర పనికిరాదు. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు ఐదు కిలోలు మించిన బరువు ఎత్తకూడదని సాధారణంగా చెబుతారు. నీళ్ల బకెట్టూ, చంటిపిల్లా కూడా ఆ లెక్కలోకే వస్తారు. పైన చర్మం వారంలో మానినట్టు కనిపించినా, పరికరాలు దూర్చిన రంధ్రాల కింద పొట్ట గోడ పొరలు అతుక్కోవడానికి వారాలు పడుతుంది. అంతలో పొట్టలో ఒత్తిడి పెరిగితే అక్కడే హెర్నియా దిగుతుంది. ఈత కూడా గాట్లు పూర్తిగా మూసుకున్నాకే, అంటే సుమారు నెల తర్వాత. నేల మీద పడుకుని పొట్ట కండరాలు ముడిచి లేచే వ్యాయామాలను కనీసం రెండు, మూడు నెలలు పక్కన పెట్టడం మేలు. వాటితో పొట్ట చదునవుతుందన్నది ఎలాగూ నిజం కాదు.

ఆరు నుంచి ఎనిమిది వారాలు నిండాక, సర్జన్ సరేనన్నాక, కండ కోసం పని మొదలుపెట్టవచ్చు. దీనికి జిమ్ తప్పనిసరి కాదు. అన్నింటికన్నా మంచి మొదటి వ్యాయామం కుర్చీలోంచి లేవడమే. ఇది చాలామంది తప్పుగా చేస్తారు కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. సీటు ముందు సగంలో కూర్చోండి. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్లకు కాస్త వెనక్కి ఉండాలి. చేతులు ఛాతీ మీద కట్టుకోండి. ముక్కు కాలివేళ్ల మీదుగా వచ్చేంత ముందుకు వంగి, మడమలతో నేలను నెడుతూ లేవండి. లేస్తున్నప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. బిగబడితే పొట్టలో ఒత్తిడి, రక్తపోటు రెండూ ఒక్కసారిగా పెరుగుతాయి. పూర్తిగా నిలబడ్డాక మూడు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగండి. ధబ్బున కూలబడితే సగం వ్యాయామం వృథా, ఎందుకంటే దిగేటప్పుడు బ్రేకు వేసే పనిలో కూడా తొడ కండరాలు కష్టపడతాయి. మోకాళ్లు లోపలికి ఒంగిపోతున్నాయా చూసుకోండి. అలా ఒంగితే సీటు మీద దళసరి దిండు వేసి ఎత్తు పెంచాలి. పది సార్లు, నిమిషంన్నర విశ్రాంతి, మళ్లీ పది సార్లు. చివరి రెండు, మూడు సార్లు కష్టంగా అనిపించాలి. వరుసగా రెండు వ్యాయామ రోజుల్లో 12 సార్లు చొప్పున రెండు విడతలు తేలిగ్గా చేసేస్తుంటే దిండు తీసేయండి. ఆ తర్వాత ఛాతీకి ఒక కిలో నీళ్ల సీసా పట్టుకుని లేవండి, ఆపైన రెండు కిలోలు.

దీనికి గోడను రెండు చేతులతో నెట్టే వ్యాయామం, రబ్బరు బ్యాండును కిటికీ ఊచకు కట్టి ఛాతీ వైపు లాగడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తడం కలిపితే ఒళ్లంతటికీ సరిపోతుంది. వారానికి రెండు లేదా మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. అరగంటలో అయిపోతుంది. ఎప్పటికీ అవే రెండు కిలోల బరువులతో యాభైసార్లు చేసేవారు కనిపిస్తుంటారు, అది కండకు సరిపోయే పని కాదు. భారం మెల్లమెల్లగా పెరుగుతూ ఉండాలి.

సైకిలు, ఈత మోకాళ్లకు హాయి. కానీ అవి ఎముకకు పెద్దగా ఏమీ చేయవు. సర్జరీ తర్వాత ఎముక పలచబడటానికి భారం తగ్గడం, కాల్షియం, విటమిన్ డి సరిగా ఒంటబట్టకపోవడం, హార్మోన్ల మార్పు అన్నీ కారణాలే. ముఖ్యంగా బైపాస్ తర్వాత. పాదాల మీద ఒంటి బరువు పడే కదలిక, బరువులెత్తడం ఎముకకు కావాలి. వాటితో పాటు రోజుకు 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాముల కాల్షియం, దాన్ని రెండు, మూడు మోతాదులుగా విడగొట్టి. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు, రెండు గంటల ఎడం ఉండాలి.

వ్యాయామం ఎక్కడ బెడిసికొడుతుంది

మొదటిది నీళ్లు. మామూలు మనిషి వ్యాయామం అయ్యాక గ్లాసెడు నీళ్లు గటగటా తాగేస్తాడు. చిన్న సంచి ఉన్నవారికి అది కుదరదు. తాగితే నొప్పి, వాంతి. అందుకే ఈ నీళ్ల పని ముందురోజు నుంచే మొదలుకావాలి. రోజంతా గుక్కెడు గుక్కెడుగా ఒకటిన్నర లీటరుకు తగ్గకుండా తాగుతూ, నడకకు వెళ్లేటప్పుడు సీసా చేతిలో పెట్టుకోవాలి. మూత్రం ముదురు పసుపులో ఉంటే ఆ రోజు ఎండలో నడక వద్దు. భోజనానికి ముందూ తర్వాతా అరగంట నీళ్లు తాగకూడదన్న నియమం కూడా ఉంటుంది కాబట్టి నీళ్ల వేళలూ, తిండి వేళలూ, నడక వేళలూ మూడూ కాగితం మీద రాసుకుంటే తప్ప కుదరవు.

రెండోది పాత మాత్రలు. బరువు దిగుతుంటే రక్తపోటు దిగుతుంది, చక్కెర దిగుతుంది. మాత్రల మోతాదు మాత్రం సర్జరీకి ముందు రాసిందే నడుస్తుంటుంది. దాని మీద వ్యాయామం కూడా చేస్తే లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. దీన్ని "నీరసం, తిండి చాలక" అని కొట్టిపారేసేవారే ఎక్కువ. ఇంట్లో బీపీ చూసుకుని ఆ అంకెలతో డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. ఇన్సులిన్, లేదా చక్కెర తగ్గించే సల్ఫోనైల్‌యూరియా రకం మాత్రలు వాడేవారికి మోతాదు తగ్గించకుండా వ్యాయామం పెంచడం ప్రమాదం.

బైపాస్ చేయించుకున్నవారిలో కొందరికి, సాధారణంగా ఏడాది దాటాక, ఇంకో ఇబ్బంది మొదలవుతుంది. తీపి, పిండి పదార్థాలు తిన్న గంట నుంచి మూడు గంటల లోపు చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. వణుకు, చెమట, గుండె దడ, తికమక. నడకలో చెమట పట్టడం మామూలే అనుకుని గుర్తించరు. తేడా తెలుసుకోవడం ఎలా? శ్రమ చెమట ఆగితే తగ్గుతుంది, ఇది ఆగినా తగ్గదు, చేతివేళ్లు వణుకుతాయి. అప్పుడు 15 గ్రాముల గ్లూకోజ్, ఆ తర్వాత ప్రోటీన్ ఉన్న చిరుతిండి. ఉత్త తీపితో సరిపెడితే చక్కెర మళ్లీ ఎగిరి మళ్లీ పడుతుంది. ఇలా రెండోసారి జరిగితే వ్యాయామం వేళ మార్చుకోవడంతో ఆగకుండా డాక్టరుకు చెప్పాలి.

నొప్పి మాత్రల సంగతి అన్నింటికన్నా ఎక్కువగా చెప్పాలి. కొత్తగా నడక పెంచినవారికి మోకాళ్ల నొప్పి వస్తుంది, ఇంట్లో డైక్లోఫెనాకో ఐబుప్రోఫెనో ఉంటుంది. బైపాస్ తర్వాత ఈ రకం మాత్రలు పేగు అతుకు దగ్గర పుండు చేస్తాయి. రక్తస్రావం కావచ్చు, చిల్లు కూడా పడవచ్చు. నొప్పికి పారాసిటమాల్ వాడుకోవచ్చు, ఐసు పెట్టుకోవచ్చు, రెండు రోజులు సైకిలుకు మారవచ్చు. పొగ తాగేవారికి ఆ పుండు ప్రమాదం ఇంకా ఎక్కువ.

స్లీవ్ అయినవారికి గుండెల్లో మంట మామూలే. తిన్న వెంటనే వంగి చేసే ఆసనాలు, పడుకుని చేసే వ్యాయామాలు దాన్ని రేపుతాయి. తిన్నాక కనీసం గంటన్నర, రెండు గంటల ఎడం ఉంచి, ముందు నిలబడి చేసేవి, చివర పడుకుని చేసేవి పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఇంకో వింత ఇబ్బంది ఉంది. త్వరగా సన్నబడినవారికి పాదం పైకి లేవక నేలకు తగులుతూ నడవడం. మోకాలికి కింద, బయటి వైపు ఒక నరం ఎముక మీదుగా చర్మం కిందే పోతుంది. దాని చుట్టూ మెత్తగా ఉన్న కొవ్వు కరిగిపోయాక, కాలు మీద కాలు వేసుకుని గంటలు కూర్చున్నా, గొంతుకూర్చున్నా ఆ నరం నలుగుతుంది. చెప్పు జారిపోతుంటే, కాలివేళ్లు గుమ్మానికి తగులుతుంటే కాలు మీద కాలు వేసుకోవడం ఆపి డాక్టరుకు చూపించాలి. తరచూ వాంతులవుతూ పాదాల్లో తిమ్మిరి, నడకలో తూలు, చూపు తేడా ఉంటే అది విటమిన్ బీ1 లోపం కావచ్చు. దానికి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, వారం చూద్దాం అనుకుంటే మెదడుకు కోలుకోలేని నష్టం జరగవచ్చు.

మొదటి వారాల్లో కూర్చుని ఉన్నప్పుడే గుండె నిమిషానికి 120కి పైగా కొట్టుకుంటున్నా, జ్వరం, ఎడమ భుజం నొప్పి, పెరుగుతున్న కడుపు నొప్పి, ఒక పిక్క వాపు, ఆయాసం ఏది ఉన్నా నడక మాట పక్కన పెట్టి ఆసుపత్రికి ఫోన్ చేయాలి. కుట్ల దగ్గర లీకు, రక్తపు గడ్డ రెండూ ఇలాగే మొదలవుతాయి.

కాటా ఆడే ఆట

బరువులు మొదలుపెట్టిన మొదటి రెండు వారాల్లో కాటా మీద అర కిలో, కిలో పెరగడం చూసి హడలిపోయి మానేసేవారున్నారు. కొత్త పని పడిన కండరం నీరు పట్టుకుంటుంది, గ్లూకోజ్‌ను గ్లైకోజన్ రూపంలో నిల్వ చేసుకుంటుంది. ఒక గ్రాము గ్లైకోజన్‌తో దాదాపు మూడు గ్రాముల నీరు చేరుతుంది. అది కొవ్వు కాదు. సర్జరీ అయిన మూడో వారంలో బరువు ఉన్నట్టుండి ఆగిపోవడానికీ ఈ నీటి లెక్కే ఎక్కువగా కారణం. కాళ్లతో నిలబడితే కండ శాతం చూపించే ఇంటి మెషిన్లూ ఒంట్లో నీటిని బట్టే అంకె చెబుతాయి కాబట్టి వారం వారం వాటిని చూసి నిర్ణయాలు తీసుకోకండి.

ప్రోటీన్ లేకుండా చేసే వ్యాయామం కూడా ఇలాంటి నిరాశే మిగులుస్తుంది. రోజుకు కనీసం 60 గ్రాములు, చాలామందికి 80 వరకు అవసరం. చిన్న సంచిలో ఒకేసారి పట్టదు కాబట్టి 15 నుంచి 20 గ్రాముల చొప్పున నాలుగు పూటలు. పూట మొదట్లో ప్రోటీన్ తినాలి, ఆఖరికి మిగిల్చుకుంటే జాగా ఉండదు. 40 గ్రాములు కూడా అందని రోజుల్లో బరువులు పెంచడం కంటే నడకతో ఆగడమే తెలివైన పని.

రెండో ఏడాది: అసలు పరీక్ష

సర్జరీ చేయించుకున్నవారు మామూలుగా ఏడాది నుంచి రెండేళ్ల లోపు అతి తక్కువ బరువుకు చేరతారు. ఆ తర్వాత మెల్లగా కొంత తిరిగి వస్తుంది. 1987లో మొదలైన స్వీడన్ అధ్యయనంలో బైపాస్ అయినవారి బరువు మొదటి ఒకటి, రెండేళ్లలో 32 శాతం తగ్గింది, పదేళ్లకు అది 25 శాతం దగ్గర నిలిచింది. జీర్ణాశయానికి బ్యాండు వేయించుకున్నవారిలో 20 శాతం నుంచి 14కు వచ్చింది. ఆకలి తిరిగి కాస్త మేల్కొంటుంది, ఒకేసారి పట్టే తిండి పెరుగుతుంది, సన్నబడిన ఒంటికి కావాల్సిన క్యాలరీలు తగ్గుతాయి. రోజుకు 1,500 లోటు ఉన్న రోజులు పోయాయి. ఇప్పుడు తిండికీ ఖర్చుకీ మధ్య తేడా రోజుకు 100, 150 క్యాలరీలు, అటో ఇటో. మొదటి ఏడాది పదో వంతు కూడా లేని ఆ నడకకు ఇప్పుడు తూకం మార్చగల శక్తి వస్తుంది.

ఎంత చేయాలి? ఆరోగ్యానికి వారానికి 150 నిమిషాలు అన్నది అందరూ చెప్పే అంకె. తగ్గిన బరువు నిలబెట్టుకోవడానికి అది చాలామందికి చాలదు, వారానికి 200 నుంచి 300 నిమిషాలు కావాలని వ్యాయామ శాస్త్ర సంఘాల సిఫారసు. అంటే రోజుకు 30 నుంచి 45 నిమిషాలు. ఇది ఒకేసారి కానక్కర్లేదు, మూడు పావుగంటలైనా చాలు.

ఇక్కడ మనల్ని మనమే మోసం చేసుకునే ఒక చోటు ఉంది. సర్జరీ తర్వాత "మీ కదలిక పెరిగిందా" అని అడిగితే చాలామంది బాగా పెరిగిందనే చెబుతారు. నడుముకు అడుగులు లెక్కపెట్టే పరికరం కట్టి చూస్తే పెద్ద తేడా కనిపించదు. ఎవరూ కావాలని అబద్ధం చెప్పడం లేదు, ఒళ్లు తేలికపడి కదలడం సులువైంది కాబట్టి ఎక్కువ కదులుతున్నట్టు అనిపిస్తుంది. ఫోనైనా, చవక పెడోమీటరైనా రోజు మొత్తం జేబులో ఉంచి వారం సగటు తీస్తే నిజం తెలుస్తుంది. మొదట ఆ సగటు ఎంతుందో చూసి, దాని మీద వెయ్యి, పదిహేను వందల అడుగులు కలపండి. పదివేల దగ్గర మొదలుపెట్టాలన్న నియమం ఎక్కడా లేదు.

అయితే తిరిగొస్తున్న బరువుకంతా వ్యాయామం మందు కాదు. రోజంతా కొంచెం కొంచెం కొరుకుతూ ఉండటం, తీపి పానీయాలు, మద్యం, సంచి సాగడం, థైరాయిడ్, డిప్రెషన్ మాత్రలు వీటిలో ఏది కారణమైనా నడకతో కప్పిపెట్టలేం. నెలకు కిలో చొప్పున మూడు నెలలు వరుసగా పెరిగితే ఇంకో గంట నడవడం కాకుండా సర్జరీ బృందం దగ్గరకు వెళ్లడం మంచిది. వేలాడే చర్మానికి కూడా వ్యాయామం మందు కాదు. రాసుకుని పుండ్లు పడుతుంటే బిగుతు దుస్తులు వేసుకుని నడవండి, బరువు స్థిరపడ్డాక ప్లాస్టిక్ సర్జన్‌తో మాట్లాడండి.

కాటాకు బదులు ఏం కొలవాలి అన్నది ఇక మిగిలింది. 43 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీ, ఫోన్‌లో టైమరు చాలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల వయసులో మగవారు 14 కన్నా, ఆడవారు 12 కన్నా తక్కువ చేస్తే కాళ్ల బలం సగటుకు తక్కువని లెక్క. చిన్నవయసువారు అంతకు బాగా పైనే ఉండాలి. సర్జరీకి ముందు వారం ఒకసారి, మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల అదే కుర్చీలో చేసి తేదీతో రాసుకోండి. పక్కనే నడుము చుట్టుకొలత. మూడో నెలలో బరువు 20 కిలోలు తగ్గి, కుర్చీ లెక్క మాత్రం పెరగకపోతే, లేదా ఇంకా తగ్గితే, తగ్గుతున్న బరువులో కండ కూడా గట్టిగానే పోతోందని అర్థం. ఆ కాగితంతో డైటీషియన్ దగ్గర ప్రోటీన్, ఫిజియోథెరపిస్టు దగ్గర బరువులు సరిచూసుకోవడానికి అదే సరైన సమయం.